పిడికిట్లో తాళం

సెప్టెంబర్ 11, బుధవారం

పొద్దున వాజిద్‌కు కళ్లు తిరిగాయి. ఎండదెబ్బ అంది అత్తమ్మ. బయట వాన పడుతోంది. అయినా ఎండదెబ్బే అనుకున్నాం అందరమూ.

జరిగింది జరిగినట్టు ఇక్కడ రాసుకుంటాను, చదివేవాళ్లు ఎవరూ లేరు కాబట్టి. మా ఇంట్లో మాట్లాడేది ఉర్దూ, నాకు రాయడం వచ్చింది తెలుగు. అత్తమ్మకు ఏ అక్షరమూ రాదు. మా ఆయన వాజిద్ క్రికెట్ స్కోరు తప్ప ఏదీ చదవడు. మా బిడ్డ నజియాకు వచ్చు గానీ నాలుగో తరగతి పాఠాలు చదవడానికే దానికి బద్ధకం.

వాజిద్ బడి బస్సు తీయడానికి తయారై చాయ్ గ్లాసు అందుకోబోయాడు. చెయ్యి అక్కడే ఆగిపోయింది. మెడ ఎడమవైపు తిరిగింది, ఎవరో పిలిచినట్టు. గొంతులోంచి ఒక చప్పుడు వచ్చింది. నేను జాకెట్‌కు కాజాలు కుడుతున్నాను, పొద్దున్నే ఏమిటీ వేషాలని కసురుకున్నాను కూడా. మనిషి నిలువునా పడిపోయాడు. కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయి, నోట్లోంచి నురగ వచ్చింది. "ఇనుము పెట్టు, చేతిల ఇనుము పెట్టు!" అని అత్తమ్మ అరిచింది. నాకు దొరికింది బస్సు తాళమే. పిడికిలి విప్పి అందులో పెట్టి మూశాను. కాసేపటికి తగ్గింది.

"సూసినవా, ఇనుముతోనే తగ్గింది" అంది అత్తమ్మ గర్వంగా, ఆ తాళం తనే కనిపెట్టినట్టు.

నజియా మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నయం, లేవలేదు.

టైరు పంక్చరైందని బడికి ఫోన్ చేసి, ఆలస్యంగా బస్సు తీశాడు. బచ్చన్నపేట నుంచి జనగామ దాకా దారిలో ఊళ్ల పిల్లలందరికీ అదే బస్సు. నజియా ఎప్పటిలాగే కిటికీలోంచి చెయ్యి ఊపింది. నేనూ ఊపాను.

సెప్టెంబర్ 19, గురువారం

మళ్లీ కళ్లు తిరిగాయి. స్నానాల గదిలో. తాళం పెట్టాను, తగ్గింది.

సెప్టెంబర్ 23, సోమవారం

హన్మకొండలో డాక్టరుకు చూపించాం. తలకు వైర్లు పెట్టి పరీక్ష చేశారు. మాత్రలు రాశాడు. తప్పకుండా వేసుకోవాలి, నిద్ర చెడగొట్టుకోకూడదు అన్నాడు. భయపడాల్సిందేమీ లేదు, చాలామందికి ఉంటుందన్నాడు. ఇంకా ఏవో చెప్పాడు. డాక్టర్లు అందరికీ అలాంటివి చెబుతూనే ఉంటారు.

బస్టాండులో వాజిద్ నాకు చెరుకురసం తాగించాడు. పెళ్లయిన కొత్తలో తప్ప ఆ మర్యాద మళ్లీ ఎన్నడూ చూడలేదు. సగం తాగాక అన్నాడు, "నువ్వేం ఇనలె, నేనేం ఇనలె. సరేనా గజాలా?"

సరేనన్నాను.

సెప్టెంబర్ 30, సోమవారం

మాత్ర వేసుకుంటే మగతగా ఉంటుందట, పొద్దున సగమే వేసుకుంటున్నాడు. సగమైనా వేసుకుంటున్నాడు కదా.

చెరువు నిండి మత్తడి దూకుతోంది. బస్సు కట్ట మీదికి రాగానే పిల్లలంతా నీళ్లవైపు కిటికీలకు చేరిపోతారట, ఒకటే గోల అట. చెబుతూ నవ్వాడు. పిల్లలంటే అతనికి ప్రాణం. వాళ్లు వాజిదన్నా అంటూ మీద పడతారు, ఏ సారుకూ దొరకని మర్యాద అది. పక్కింటి లత కొడుకు హరీశ్ అయితే పెద్దయ్యాక ఏమవుతావురా అంటే వాజిదన్ననవుతా అంటాడు.

ఎల్లుండి నుంచి దసరా సెలవులు. బస్సు మా ఇంటి ముందే నిలబడి ఉంటుంది. హాయిగా నిద్రపోతాడు, మాత్రలు ఒంటికి పడతాయి, సెలవులు అయ్యేసరికి అంతా సర్దుకుంటుంది.

అక్టోబర్ 4, శుక్రవారం

మా మరిది అఫ్జల్ గోదావరి వైపున్న చిట్యాల నుంచి ఫోన్ చేశాడు. ట్రాక్టర్ల మెకానిక్కు, ఇప్పుడు బోటు ఇంజిన్లు కూడా బాగుచేస్తున్నాడు. గోదావరి మీద సంజీవ అనే అతని బోటు ఉందట. "పొద్దుగాల ఎక్కితె మాపటికే దిగుడు భాబీ. మూడు తాన ఆపుతరు. ఇసుక మీద వండుకునుడు, తినుడు, ఈత కొట్టుడు. పైస వద్దన్నడు, ఇంజన్ నేనే బాగు చేసిన."

నజియా గంతులు వేసింది. వాజిద్ దాన్ని ఎత్తుకుని తిప్పాడు. "నీకు ఈత నేర్పిస్త బేటీ. మా అబ్బా నాకు నేర్పిచ్చినట్టే."

అలా అంటే ఏమిటో నాకు తెలుసు. మా వైపు వాగులు వానలప్పుడే పారతాయి, ఈత అంటే బావి ఈతే. తండ్రి బిడ్డను వీపు మీద ఎక్కించుకుంటాడు. బిడ్డ మెడ పట్టుకుంటుంది. ఇద్దరూ ఒడ్డు మీంచి దూకుతారు. తండ్రి అడుగుదాకా మునిగి, పిడికెడు మట్టి తీసుకుని పైకి లేస్తాడు. చెయ్యి వదలని పిల్లలకు ఈత వచ్చినట్టే లెక్క. మా ఆయన అలా నేర్చుకున్నవాడే, అత్తమ్మ ఆ కథ మా పెళ్లిలో కూడా చెప్పింది.

నీళ్లలోకి దిగొద్దని డాక్టరు అన్నాడు. ఆ రోజు రాయలేదు, ఇప్పుడు రాస్తున్నాను.

అక్టోబర్ 5, శనివారం

వద్దన్నాను. నవ్వాడు.

అక్టోబర్ 8, మంగళవారం

మళ్లీ వద్దన్నాను. ఈసారి నవ్వలేదు.

"ఎందుకొద్దంటున్నవో అఫ్జల్‌కు జెప్తవా? జెప్పు. మాపటికి చిట్యాలంత తెలుస్తది, తెల్లారేసరికి జనగామకు తెలుస్తది. ఇగ నేను ఇంట్ల కూసొని నీ జాకిట్లకు గుండీలు కుడుత."

అఫ్జల్ నోట్లో నువ్వుగింజ నానదు, ఆ మాట నిజమే. పోకపోతే నజియా ఏడుస్తుంది. పోతే నేను పక్కనే ఉంటాను. దాన్ని వీపు ఎక్కనివ్వను, అంతే కదా. సెలవుల్లో గండం ఏదన్నా ఉంటే ఆ నీళ్లే. అది దాటితే ఇక ఏ భయమూ లేదు.

అక్టోబర్ 12, శనివారం. చిట్యాల

అఫ్జల్ ఇంటికి వచ్చాం, మేం ముగ్గురమే. అత్తమ్మ రాలేదు, అఫ్జల్ భార్య పుట్టింట్లో ఉంది. దసరా కదా, అఫ్జల్ పక్కింటివాళ్లు వచ్చి చేతిలో జమ్మి ఆకు పెట్టి అలాయ్ బలాయ్ అని కౌగిలించుకున్నారు. నజియా తన ఆకును రిబ్బనులో గుచ్చుకుంది.

మాత్రల పొట్లం ఇంట్లోనే మర్చిపోయాం. నేనే సర్దాలి. మసాలా డబ్బా, నజియా బట్టలు, ఊరగాయ సీసా, చివరికి దోమల చక్రాలు కూడా సర్దాను. ఇక్కడి మందుల షాపులో అడుగుదామంటే చీటీ లేదు, పైగా అఫ్జల్ వెంటే ఉన్నాడు.

బస్సు తాళం మాత్రం మర్చిపోలేదు మా ఆయన. చొక్కా జేబులో ఉంది. తమ్ముడి ఇంటికి ఆ తాళమెందుకయ్యా అంటే, అది లేకపోతే జేబు ఊరికే ఉన్నట్టుంటదని అన్నాడు.

ఒక్క రోజే కదా.

అక్టోబర్ 13, ఆదివారం

ఇంటికి వచ్చేశాం. ముగ్గురమూ.

అక్టోబర్ 14, సోమవారం

నిన్న అంతకు మించి రాయలేకపోయాను. ఇప్పుడు మధ్యాహ్నం, వాజిద్ పడుకున్నాడు.

ఇనుప బోటు, పైన నీలం టార్పాలిన్. నారింజ రంగు లైఫ్ జాకెట్లు ఒక మూల కుప్పగా పడి ఉన్నాయి, చేపల వాసన కొడుతున్నాయి. నేను ముందే ఒకటి తీసి నజియాకు తొడిగాను. తాళ్లు వదులుగా ఉన్నాయని బిగించి మొండి ముడి వేశాను. కుట్టుపని చేసేదాన్ని, నేను వేసిన ముడి కత్తెరతో తప్ప రాదు. "ఒడ్డు మీదనే భయం మొదలువెట్టినవా?" అని వాజిద్ ఎగతాళి చేశాడు.

గోదావరి ఎర్రగా, నిండుగా ఉంది. అవతలి ఒడ్డు మహారాష్ట్ర అన్నారు, అదొక గీతలా కనిపించింది. ఇంజిను చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. వాజిద్ ముందు నిలబడి గాలికి చొక్కా ఎగురుతుంటే పాటలు పాడాడు. చాలా బాగున్నాడు. ఇంత బాగున్న మనిషికి ఏమవుతుందిలే అనిపించింది నాకు. నిజంగానే అనిపించింది.

మొదటి చోట ఇసుక తిన్నె పక్కన ఆపారు. వాజిద్ ఒక్కడే దూకాడు. ఎంతకీ లేవలేదు. నేను అంకెలు పెడుతూ మధ్యలో లెక్క తప్పాను. చాలా దిగువన లేచాడు, మేం చూస్తున్న చోట కాదు. పిడికిలి పైకెత్తి చూపించాడు, వేళ్ల మధ్య నుంచి ఇసుక కారుతోంది. అఫ్జల్ ఈల వేశాడు.

సంజీవ మాత్రం నవ్వలేదు. "అన్నా, ఇది బాయి గాదు. బాయిల మునిగినకాణ్నే తేలుతవు. గోదారి నిన్ను అడగది, తీస్కపోతది."

"నాకు మా బాయే నేర్పింది, మీ గోదారి కాదు" అన్నాడు మా ఆయన. పొగరు దిగడానికి ఏ నది నీళ్లూ చాలవు.

రెండో చోట వంట. కోడి కూర, బగారన్నం. తిన్నాక "రా బేటీ" అని నజియాను పిలిచాడు. నా కాలు బెణికిందని కూలబడ్డాను. పత్తిలాంటి ఇసుకలో కాలు ఎట్లా బెణికిందని అఫ్జల్ నవ్వాడు. నజియా నా కాలు పట్టుకుని కూర్చుంది. అలా ఒకటి దాటింది.

కూర తిన్న మత్తుకు వాజిద్ కళ్లు ఎర్రబడ్డాయి. కాసేపు పడుకోమన్నాను. పడుకోలేదు. ముందు రోజు రాత్రి అన్నదమ్ములు ముచ్చట్లు పెట్టుకుని సరిగా నిద్రే పోలేదు.

మూడో చోట పొద్దు వాలుతోంది. ఇక ఇంటికే అన్నాడు సంజీవ. నజియా ఆడుకుంటుంటే నేను గిన్నెలు కడుగుతున్నాను. తల ఎత్తేసరికి వాజిద్ చొక్కా విప్పి ఇసుక మీద పడేసి నీళ్లలోకి నడుస్తున్నాడు. నజియా వీపు మీద ఉంది. తనే ఎక్కింది. రెండు చేతులూ మెడ చుట్టూ వేసుకుంది.

"నజియా అబ్బా, వద్దు!" అని అరిచాను. వెనక్కి తిరగకుండా చెయ్యి ఊపాడు. నడుము దాకా వెళ్లాడు. ఛాతీ దాకా వెళ్లాడు.

అక్కడ ఆగాడు. మెడ ఎడమవైపు తిరిగింది, ఎవరో పిలిచినట్టు.

పెళ్లయ్యాక ఎన్నడూ పేరు పెట్టి పిలవలేదు నేను. వాజిద్ అని అరిచాను, గొంతు చిరిగేలా. తల నీళ్లలోకి వెళ్లిపోయింది. పెద్ద చప్పుడేమీ కాలేదు. నారింజ రంగు ఒక్కటే పైన తేలుతోంది, అది దిగువకు పోతోంది, నది ఎటు తీసుకెళ్తే అటు. నజియా చేతులు వదలలేదు. వదిలెయ్ నజియా, వదిలెయ్ అని అరిచాను నేను. అది కూడా రాయాలి. మొగుడిని వదిలెయ్యమనే అరిచాను.

అది వదలలేదు.

సంజీవ నడుముకు తాడు కట్టుకుని దూకాడు. అఫ్జల్ తాడు పట్టుకున్నాడు. ఇద్దరినీ కలిపే లాగారు, ఎందుకంటే దాని చేతులు ఊడి రాలేదు. ఇసుక మీద వేసేసరికి వాజిద్ ఒళ్లంతా కొట్టుకుంటోంది. సంజీవ అతన్ని పక్కకు తిప్పాడు, నోట్లోంచి నీళ్లు పోయాయి. నేను ఏమీ చేయలేదు. కడిగిన గిన్నె నా చేతిలో అలాగే ఉంది.

"అమ్మీ, బస్ తాళం" అంది నజియా. పళ్లు టకటకలాడుతున్నాయి. "అబ్బా అంగీ జేబుల ఉన్నది. చేతిల పెట్టు. ఆ పొద్దు పెట్టినవ్ గద."

అఫ్జల్ నా మొహం చూశాడు. "ఏ పొద్దు భాబీ?"

నేను చొక్కా వెతికి తాళం తీసి పిడికిట్లో పెట్టాను. కాసేపటికి తగ్గింది.

దవాఖానకు తీసుకుపోదామని సంజీవ తొందరపెట్టాడు. అప్పుడే వాజిద్ కళ్లు తెరిచాడు. ఎక్కడున్నాడో తెలియడానికి చాలాసేపు పట్టింది. అందరినీ చూసి, చేతిలోని తాళం చూసుకుని, "పిక్క పట్టేసింది" అన్నాడు. అఫ్జల్ ఇంకా నా వైపే చూస్తున్నాడు.

"పిక్కనే" అన్నాను నేను.

తిరుగు బోటులో నజియాను ఒళ్లో పెట్టుకున్నాను. జమ్మి ఆకు ఎక్కడో పోయింది. నువ్వు ఆ పొద్దు పడుకోలేదా అని అడిగాను.

"కండ్లు మూసుకున్న. మీరు చూడొద్దనుకుంటున్నరు గదా అని."

"మరి తెలిసి వీపెందుకు ఎక్కినవే?"

"అబ్బా పడిపోతె ఎవలన్న పట్టుకోవాలె గద అమ్మీ."

అదే సోమవారం, సాయంత్రం

నీళ్ల గండం దాటింది. పొద్దున నుంచి ఇదే అనుకుంటున్నాను. దాటింది, అందరం బతికి ఉన్నాం, మాత్రలు కూడా మళ్లీ మొదలుపెట్టాడు. రేపటి నుంచి బడులు. ఖాకీ చొక్కా ఇస్త్రీ చేశాను.

ఇస్త్రీ చేస్తూ కిటికీలోంచి చూశాను. వాజిద్ బస్సు కడిగి డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. నజియా పక్కన నిలబడి ఏవో అడుగుతోంది. అతను సంతోషంగా చెబుతున్నాడు. బిడ్డకు తన పని మీద మనసు పుట్టిందని మురిసిపోతున్నాడు, ఆ నవ్వు నాకు తెలుసు. ఆడపిల్లకు బస్సు నేర్పిస్తున్నావా అని ఆటపట్టిద్దామని బయటికి వెళ్లాను.

"అబ్బా, బండి ఆగాలంటె ఏది తొక్కాలె?"

"నడిమిది. ఇగో ఇది, బ్రేకు."

"చేతితోని ఒత్తితె ఆగదా?"

"చేతితోనా? ఎందుకే?"

"ఊకెనే." తండ్రిని జరిపి సీటు అంచున కూర్చుని కాలు చాపింది. అందలేదు. ఇంకాస్త జారి, స్టీరింగు పట్టుకుని వేలాడుతూ చాపింది. అయినా అందలేదు. "జర పొడుగైతె అందుతది" అన్నాడు వాజిద్ నవ్వుతూ.

అది నవ్వలేదు. నన్ను చూసి బస్సు దిగి వచ్చింది. నా చెవి దగ్గర నోరు పెట్టి, "రేపటిసంది నేను అబ్బా ఎన్క సీట్ల కూసుంట అమ్మీ. కిటికీ సీటొద్దు నాకు" అంది.

ఇంట్లోకి వచ్చి కూర్చున్నాను. ఖాకీ చొక్కా భుజం మీద ఇస్త్రీపెట్టె మరిచిపోయాను, మాడిపోయింది.

హన్మకొండలో డాక్టరు మొదట అన్న మాట నీళ్ల గురించి కాదు. నీళ్ల మాట తరువాత చెప్పాడు. మొదట ఏం పని చేస్తావని అడిగాడు. వాజిద్ చెప్పాడు. డాక్టరు పెన్ను కింద పెట్టి, బండి నడపకూడదు అన్నాడు. నీది కాకపోయినా, ఎవరిదైనా, ఒక్క రోజు కూడా నడపకూడదు అన్నాడు. నేను పక్క కుర్చీలోనే ఉన్నాను. విన్నాను.

అక్టోబర్ 15, మంగళవారం

వంటింటి తలుపుకు గొళ్లెం పెట్టుకుని నిలబడి రాస్తున్నాను. ఎడమ చేతిలో బస్సు తాళం ఉంది. అతను లేవకముందే గూట్లోంచి తీశాను.

కాసేపు వెతికాడు. "గజాలా, తాళం సూసినవా?"

చూశానన్నాను.

"ఇయ్యి మరి. టైమైతంది."

ఇవ్వనన్నాను. ముందు నవ్వాడు. తరువాత తలుపు కొట్టాడు. అత్తమ్మ వచ్చి ఏమైందే పిచ్చిదానా అని అరిచింది. ఆ తరువాత వాజిద్ తలుపుకు ఆనుకుని కూర్చున్నట్టున్నాడు, గొంతు కింది నుంచి వచ్చింది. మెల్లగా అన్నాడు, "నాకు ఇంకో పని రాదు గజాలా."

తెలుసన్నాను. ఏడుపొచ్చింది. ఇన్నేళ్లలో అతను నన్ను ఏదైనా బతిమాలడం ఇదే మొదటిసారి, నేను కాదని నిలబడడమూ ఇదే.

"ఇయ్యి అమ్మీ" అంది నజియా గొంతు. "నేను ఎన్కనే కూసుంట గద."

బయట పిల్లలు పోగయ్యారు. లత పిలుస్తోంది. "గజాలక్కా! బస్సు ఇంక తియ్యలేదా? మా హరీశ్ గాడు చెరువు దిక్కు సీటు కావాలెనని పొద్దటిసంది ఒకటే లొల్లి."

ఫిట్స్. రాశాను. మా ఆయనకు ఫిట్స్ వస్తాయి, బస్సు నడపకూడదు. కాగితం మీద ఇంత చిన్న మాట. దీన్ని గొళ్లెం తీసి, వాజిద్‌ను దాటుకుని వెళ్లి, వాకిట్లో లతతో అనాలి.

చేతిలో ఇనుము ఉంటే తగ్గుతుందంటుంది అత్తమ్మ. గట్టిగానే పట్టుకున్నాను. నా చెయ్యి ఇంకా వణుకుతూనే ఉంది.

వెళ్తున్నాను.